మోత వాళ్లది... మాట మనది!

మే నెల వచ్చిందంటే తెలుగిళ్లలో ఓ తతంగం ఉండేది. కొత్తావకాయ కలిపి, మూడోరోజు తిరగగలిపి, హైదరాబాదు హాస్టల్లో ఉన్న పిల్లాడి కోసం ఓ డబ్బాలోకి ఎత్తి, మూత చుట్టూ పాత గుడ్డ బిగించి కట్టి, దానిమీద పాలిథిన్ కవరు తొడిగి, అదీ చాలదన్నట్టు చేతిసంచీలో పెట్టి... రాత్రి బస్సు దగ్గరికి పరుగు. డ్రైవరు సీటు పక్కన కాస్త చోటు దొరికితే చాలు. 'అన్నా, నిలబెట్టే ఉంచు, పడుకోబెట్టకు. నూనె కారిపోద్ది' అని ఓ బతిమాలు, చేతిలో ఓ నోటు. ఇంటికొచ్చాక ఫోను: 'బస్సు నంబరు రాసుకో. తెల్లారి అయిదున్నరకల్లా ఎల్బీనగర్లో ఉండు. డ్రైవరు బట్టతలాయన.'

ఆ ఫోనులో బస్సు నంబరు కన్నా బట్టతలే ముఖ్యం. డబ్బా అందకపోతే ఫలానా మనిషిని అడగొచ్చన్న ధైర్యం అది. ఇప్పుడు ఆ పరుగు తగ్గింది. కొరియరు వాళ్లున్నారు. రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ కౌంటర్లు తెరిచి పార్సిళ్లు తీసుకుంటున్నాయి. రసీదు ఇస్తారు, నంబరు ఇస్తారు, ఫోనుకు మెసేజీ వస్తుంది. అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. కాకపోతే డబ్బా అందకపోతే తల్లి ఎవరినడగాలో తేలడానికి ఓ పూట పడుతుంది. పిల్లాడు మాత్రం కౌంటరువాణ్ని అడగడు. 'అమ్మా, పచ్చడి రాలేదేం?' అని అమ్మనే అడుగుతాడు!

వ్యాపారంలోనూ అంతే. సరుకు తయారుచేసేది ఒకరు, గోడౌన్లో దాచి, లారీకెక్కించి, కొట్టుకు చేర్చేది ఇంకొకరు. కంపెనీలు ఈ పనిని బయటివాళ్లకు అప్పగించడాన్ని థర్డ్ పార్టీ లాజిస్టిక్స్ అంటున్నాయి. ముద్దుగా త్రీపీఎల్. తయారుచేసేవాడు ఒక పక్షం, కొనేవాడు రెండో పక్షం, మధ్యలో మోసేవాడు మూడో పక్షమన్నమాట.

ఎందుకప్పగిస్తారంటే, లెక్క చాలా సులువు. సొంత బండి నిండుగా వెళ్తుంది, ఖాళీగా వస్తుంది. వెళ్లిన డీజిలూ వచ్చిన డీజిలూ రెండూ యజమాని జేబులోంచే. అదే పదిమంది సరుకు మోసే ట్రాన్స్‌పోర్టువాడైతే తిరుగు ప్రయాణంలో ఇంకొకరి సరుకు వేసుకొస్తాడు. ఖర్చు పంచుకుంటారు. పండగ నెలలో అయిదు బండ్లు కావాలి, ఆషాఢంలో రెండు చాలు... సొంతంగా కొంటే మిగతా మూడూ షెడ్డులో నిద్రపోతాయి. టైర్లు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, ఇన్సూరెన్సు, డ్రైవరు రాని రోజున తలనొప్పి... ఇవన్నీ ఒక్క సంతకంతో ఇంకొకరి నెత్తిన పడతాయి. ఇంత లాభముండగా ఎవరైనా ఎందుకు వెనకాడతారు?

వెనకాడాల్సిన కారణం ఏమిటో 2018లో ఓ పెద్ద కంపెనీకి తెలిసొచ్చింది.

కోడి రాలేదు!

కేఎఫ్‌సీ బ్రిటన్‌లో తొలి హోటలు తెరిచింది 1965లో, ప్రెస్టన్ అనే ఊళ్లో. 2018 నాటికి అక్కడ దాదాపు 900 హోటళ్లు. వాటికి కోడిమాంసం, బంగాళదుంపలు, నూనె, కాగితం గ్లాసుల దాకా చేరవేసే పనిని బిడ్‌వెస్ట్ అనే సంస్థ చూసేది. ఆహార పదార్థాల రవాణాలో చెయ్యి తిరిగిన సంస్థ. ఆ పనికి దేశంలో ఆరు గోడౌన్లను వాడేది.

కేఎఫ్‌సీ కాంట్రాక్టు మార్చింది. గోడౌను, లారీల పని డీహెచ్‌ఎల్‌కి. ఏ హోటలుకు ఎంత సరుకు కావాలో లెక్కగట్టే పని క్యూఎస్‌ఎల్ అనే మరో సంస్థకి. డీహెచ్‌ఎల్ చిన్నాచితకా కంపెనీ కాదు. ప్రపంచంలో దాని పసుపుపచ్చ బండి తిరగని దేశాన్ని వెతుక్కోవాల్సిందే. ఆరు గోడౌన్లెందుకు దండగ, ఒక్కటి చాలనుకున్నారు. రగ్బీ ఊరి దగ్గర ఓ పెద్ద గోడౌను. అవును, రగ్బీ ఆట పుట్టిన ఊరే. ఇంగ్లండుకు నడిమధ్యన ఉంటుంది, చుట్టూ పెద్ద రోడ్లు. మ్యాపు ముందేసుకుని చూస్తే ఇంతకన్నా మంచిచోటు దొరకదు.

ఫిబ్రవరి 14న కొత్త పద్ధతి మొదలైంది. ఒక జిల్లాలో కాదు, ఒక వారం పరీక్షగా కాదు... దేశమంతా ఒకేసారి! ఆరోజు తెల్లవారుజామునే రగ్బీకి దగ్గర్లో ఎం6 రహదారి మీద ప్రమాదం జరిగింది. రోడ్డు మూసేశారు. లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. గోడౌను ఒక్కటే కాబట్టి ఇంకో దారి లేదు, ఇంకోచోటి నుంచి పంపే వీలూ లేదు. పచ్చి కోడిమాంసం బియ్యం బస్తా లాంటిది కాదు, రేపటికాగుతుందిలే అనుకోవడానికి. ఒకరోజు సరుకు ఆగితే మర్నాడు రెండురోజుల సరుకు పంపాలి. అది మూడోరోజుకు కొండైంది.

నాలుగైదు రోజుల్లో సగానికి మించి హోటళ్లు తలుపులు మూసేశాయి. చికెన్ అమ్మే హోటల్లో చికెన్ లేదు! జనానికి ఎంత కోపమొచ్చిందంటే కొందరు పోలీసులకు ఫోను చేశారు. 'కేఎఫ్‌సీ మూతపడటం పోలీసు కేసు కాదు, దయచేసి మాకు చెప్పకండి' అనే అర్థంలో లండన్లోని టవర్ హామ్లెట్స్ పోలీసులు ప్రకటించాల్సి వచ్చింది. నవ్వులాటే. అయితే ఆ హోటళ్లలో గంటల లెక్కన జీతం తీసుకునే కుర్రాళ్లకు అది నవ్వులాట కాదు. అంతకుముందు బిడ్‌వెస్ట్ గోడౌన్లో పని పోగొట్టుకున్నవాళ్లకు అసలే కాదు. చవక కాంట్రాక్టు కోసం పోయారని వాళ్ల కార్మిక సంఘం జీఎంబీ దుమ్మెత్తిపోసింది.

మొదట్లో కేఎఫ్‌సీ 'కొత్త రవాణా భాగస్వామి వచ్చారు, చిన్న చిన్న ఇబ్బందులు' అని చెప్పుకుంది. ఎవరూ వినలేదు. బోర్డు మీద గడ్డం తాతది కేఎఫ్‌సీ బొమ్మ. లారీ మీద పేరు ఎవరిదైతే తినేవాడికేం? వారం తిరిగేసరికి కంపెనీ దారికొచ్చింది. పత్రికల్లో నిండుపేజీ ప్రకటన వేసింది. ఖాళీ బకెట్టు బొమ్మ, దానిమీద కంపెనీ పేరులోని మూడక్షరాలూ అటూఇటూ మార్చి, పిల్లల ముందు పైకి చదవలేని ఓ తిట్టు వచ్చేలా పేర్చారు. కింద క్షమాపణ. ఆ క్షమాపణలో డీహెచ్‌ఎల్ పేరు లేదు. మొత్తం గొడవలో కంపెనీ చేసిన తెలివైన పని బహుశా అదొక్కటే.

మార్చిలో ఉత్తరాదిన ఉన్న 350 దాకా హోటళ్ల సరఫరాను తిరిగి బిడ్‌వెస్ట్‌కే అప్పగించారు. మూడువారాల కిందట సాగనంపినవాణ్నే మళ్లీ పిలిచారన్నమాట.

తప్పంతా డీహెచ్‌ఎల్‌దేనా అంటే, రోడ్డు ప్రమాదాన్ని ఎవరూ ఆపలేరు. కానీ ఆరు గోడౌన్లున్నప్పుడు ఒక రోడ్డు మూసుకుపోతే ఒక మూల ఇబ్బంది పడేది. ఆరునీ ఒకటి చేసినప్పుడు మిగిలిన డబ్బు కాగితం మీద కనపడింది. పోయిన ధీమా ఏ కాగితం మీదా కనపడలేదు.

గోడౌనెక్కడో చెప్పిన పన్ను

తెలుగునాట ఈ అప్పగింత కొత్తదేం కాదు. సబ్బులు, మందులు, రంగుల కంపెనీల సరుకును దశాబ్దాలుగా మోస్తున్నవాళ్లున్నారు. వాళ్లే సీ అండ్ ఎఫ్ ఏజెంట్లు. కంపెనీ ఏ ముంబయిలోనో ఉంటుంది. దాని సరుకు మాత్రం స్థానికంగా ఒకాయన గోడౌన్లో ఉంటుంది. ఆయన సరుకు కొనడు, అమ్మడు. దించుకుంటాడు, దాస్తాడు, ఆర్డరు ప్రకారం పంపిస్తాడు, కమీషను తీసుకుంటాడు. చాలా కుటుంబాలు రెండు తరాలుగా దీనిమీదే బతికాయి.

ప్రతి రాష్ట్రంలో ఓ గోడౌను ఎందుకంటే, పన్ను! ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అమ్మితే కేంద్ర అమ్మకపు పన్ను పడేది. అమ్మకుండా తన సరుకును తన గోడౌనుకే పంపుకొన్నట్టు ఎఫ్ ఫారం చూపిస్తే పడేది కాదు. దాంతో దూరం, రోడ్డు, గిరాకీ... ఇవేవీ కాదు, గోడౌను ఎక్కడుండాలో పన్నే నిర్ణయించింది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైనప్పుడు ఈ విచిత్రం బాగా బయటపడింది. అంతకుముందురోజు దాకా హైదరాబాదు గోడౌను నుంచి బెజవాడ కొట్టుకు వెళ్లే సబ్బుపెట్టె ఒక్కరాత్రిలో పరాయి రాష్ట్రానికి వెళ్లే సరుకైంది. కంపెనీలు విజయవాడ చుట్టుపక్కల గోడౌన్ల కోసం వెతుకులాట మొదలెట్టాయి.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. చెక్‌పోస్టుల దగ్గర లారీల బారులు పోయాయి. మరుసటి ఏప్రిల్ నుంచి రాష్ట్రాలు దాటే సరుకు యాభైవేల రూపాయలు మించితే ఈ-వే బిల్లు తప్పనిసరైంది. ఇక రాష్ట్రానికో గోడౌను అక్కర్లేదు. పెద్ద పెద్ద షెడ్లు నాలుగైదు చాలు. హైదరాబాదు చుట్టూ మేడ్చల్, పటాన్‌చెరు, శంషాబాద్ వైపు వెళ్తే ఊళ్లకు ఊళ్లే గోడౌన్లయిపోయినట్టుంటాయి. కొందరు చిన్న ఏజెంట్లు ఆ షెడ్ల నీడలో కలిసిపోయారు. ఇంకొందరు గోడౌను తాళాలు కంపెనీకి తిరిగిచ్చేసి కల్యాణమండపాలు కట్టుకున్నారు. అదీ మంచి వ్యాపారమే!

వింతేమిటంటే, అందరూ బయటివాళ్లకు ఇచ్చేస్తున్న రోజుల్లోనే కొందరు వెనక్కి లాక్కున్నారు. 2007లో పుస్తకాలతో మొదలైన ఫ్లిప్‌కార్ట్ మొదట్లో కొరియర్లనే నమ్ముకుంది. తర్వాత సొంత కుర్రాళ్లను పెట్టుకుని ఈకార్ట్‌ను పెంచింది. సరుకిచ్చి డబ్బు తీసుకునే పద్ధతి 2010లో మొదలుపెట్టాక గుమ్మం దగ్గర నిలబడే మనిషి మరీ ముఖ్యమయ్యాడు. అమెరికాలో 2013 క్రిస్మస్‌కి యూపీఎస్ బండ్లు బోలెడన్ని బహుమతులను పండగ దాటాక చేర్చాయి. తిట్లు తిన్నది అమెజాన్. ఇరవై డాలర్ల కూపన్లిచ్చి కొనేవాళ్లను బుజ్జగించింది. ఆ తర్వాత ఏళ్లలో సొంత బండ్లు, సొంత విమానాలు సమకూర్చుకుంటూ పోయింది. అంత డబ్బు అందరి దగ్గరా ఉండదు కాబట్టి అందరూ అమెజాన్‌లా చెయ్యలేరు. చెయ్యనక్కర్లేదు కూడా.

రెండు చిన్న ఏనుగులు

తెనాలి దగ్గర ఓ పెద్దాయన. ముప్ఫయ్యేళ్లుగా పచ్చళ్లూ కారప్పొడులూ. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో మూడొందల కొట్లకు సరుకు వేస్తాడు. రెండు టాటా ఏస్ బండ్లు. ఆ బండిని జనం 'చిన్న ఏనుగు' అని ఊరికే అన్లేదు, మోసే బరువు చూసే అన్నారు. ఇద్దరు డ్రైవర్లు. పెద్ద డ్రైవరుకు అక్కడ ఇరవయ్యేళ్ల సర్వీసు. ఎంబీయే చదివొచ్చిన కూతురు లెక్కలు చూడటం మొదలెట్టింది.

"నాన్నా, బండి రేపల్లె వెళ్లేప్పుడు నిండుగా వెళ్తోంది. వచ్చేప్పుడు ఖాళీ అట్టపెట్టెలు తెస్తోంది. ఆ డీజిలు కూడా మనదే కదా!"

"అట్టపెట్టెలేనా అమ్మా తెచ్చేది? కబుర్లు కూడా తెస్తాడు."

కూతురికి కబుర్ల విలువ లెక్కల్లో దొరకలేదు. దొరకదు కూడా. విజయవాడలోని ఓ రవాణా సంస్థతో ఒప్పందం కుదిరింది. కిలోకింత, కొట్టుకింత. ఒక బండి అమ్మేశారు. చిన్న డ్రైవరు ఆ సంస్థలోనే చేరాడు. నెల జీతం పోయి ట్రిప్పు లెక్క వచ్చింది. బండి తిరిగిన రోజు బాగానే ఉంటుంది, తిరగని రోజు ఇంట్లో లెక్క తప్పుతుంది.

మొదటి నెల ఖర్చు నిజంగానే తగ్గింది. కూతురు కాగితం తెచ్చి తండ్రి ముందు పెట్టింది. ఆయన చూశాడు, ఏమీ అనలేదు. రెండో నెల నుంచి కొట్లవాళ్ల ఫోన్లు. ఓ కొట్టాయన మధ్యాహ్నం ఒంటిగంటకు షట్టరు దించి భోంచేసి కునుకు తీస్తాడు. కొత్త కుర్రాడు సరిగ్గా అప్పుడే వెళ్తాడు, 'షాపు మూసి ఉంది' అని ఫోన్లో నొక్కి సరుకు తిప్పేస్తాడు. మూడుసార్లు అలాగే జరిగింది. ఇంకో కొట్లో సీసాలు ఎండ తగిలేచోట పెడితే నూనె పైకి తన్ని మూతలు కారాయి. పాత డ్రైవరైతే వెళ్లినప్పుడల్లా తనే జరిపి నీడలో పెట్టేవాడు. అది అతని ఉద్యోగం కాదు, ఎవరూ చెప్పలేదు. ఒక షావుకారు బాకీ ఎప్పుడు తీరుస్తాడంటే, వాళ్ల నాన్న కొట్లో కూర్చున్నప్పుడు అడిగితేనే! ఆ సంగతి ఏ కంప్యూటర్లోనూ లేదు. కొత్త సీసాల కంపెనీ వాళ్లు పదికి రెండు ఉచితంగా ఇస్తున్నారన్న కబురు కూడా పెద్దాయనకు నెలన్నర ఆలస్యంగా తెలిసింది.

రవాణా సంస్థ తప్పు చేసిందా? లేదనే చెప్పాలి. పెట్టెలు చేర్చమన్నారు, చేర్చింది. కబుర్లు చేర్చమని ఒప్పందంలో ఎక్కడా రాయలేదు. రాయాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే ఆ పని జరుగుతున్నట్టే ఎవరికీ తెలీదు. ఫోను చేసిన కొట్లవాళ్లలో ఒక్కడు కూడా విజయవాడకు చెయ్యలేదు. 'ఏందండీ, ఇన్నేళ్లలో ఎప్పుడన్నా ఇట్టా జరిగిందా?' అని పెద్దాయన్నే అడిగారు.

తండ్రి 'నే చెప్పలా' అనలేదు. అంటే గొడవయ్యేది, పని జరిగేది కాదు. కూతురు కూడా ఒప్పందం చించెయ్యలేదు. హైదరాబాదు సరుకు విషయంలో లాభం నికరంగా ఉంది, అది అలాగే ఉంచింది. దగ్గరూళ్లకు మిగిలిన బండి తిప్పింది. మిగతా కొట్ల సంగతికి ఓ రెండొందల పేజీల నోటుపుస్తకం తెచ్చి పెద్ద డ్రైవరు ముందు కూర్చుంది. 'బాబాయ్, ఒక్కో కొట్టు గురించి నీకు తెలిసిందంతా చెప్పు, నేను రాసుకుంటా' అంది. నాలుగు రోజులు పట్టింది. ఏ కొట్టు ఎన్నింటికి తెరుస్తారు, సరుకు ఎవరి చేతికివ్వాలి, ఎవరు సంతకం పెట్టి తర్వాత లేదంటారు, ఎక్కడ బండి ఆపితే పక్క కొట్టువాడు తగువుకొస్తాడు... అంతా. ఇరవయ్యేళ్లలో అతన్ని ఎవరైనా కూర్చోబెట్టి అడగడం అదే మొదటిసారి. రెండోరోజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

ఆ పుస్తకంలోంచే కొత్త షరతులు పుట్టాయి. అందించలేని సరుకు ఏదైనా ఉంటే కారణం అదేరోజు సాయంత్రం చెప్పాలి. మూసి ఉన్న కొట్టుకు ఫోను చెయ్యకుండా సరుకు తిప్పకూడదు. పగిలిన సీసాలకు ఫొటో. ఇంకో జిల్లా అప్పగించాలంటే ముందు మూడు నెలలు ఒక్క రూటులో చూడాలి.

ఎల్‌ఆర్ కాగితం వెనక చిన్న అక్షరాలు కూడా అప్పుడే చదివింది. చాలా రసీదుల మీద 'ఓనర్స్ రిస్క్' అని ఉంటుంది. సరుకు పోతే మాకు సంబంధం లేదన్నట్టు. అంత తేలిగ్గా తప్పించుకోవడం కుదరదు. 1865 నాటి పాత చట్టం స్థానంలో 2007లో వచ్చిన రోడ్డు రవాణా చట్టం ఉంది. కానీ అందులో మెలిక కూడా ఉంది. ఎక్కువ విలువకు ఎక్కువ రేటు కడతామని ముందే రాసివ్వకపోతే, మామూలుగా కిరాయికి పదింతలు మించి పరిహారం రాదు. రెండొందల కిరాయికి పదివేల సరుకు పంపితే, అది పోయినప్పుడు చట్టప్రకారం చేతికొచ్చేది రెండువేలు. బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసివ్వకపోతే అదీ కష్టమే. కొరియరులోనో లారీలోనో సామాను వేసే ఇళ్లవాళ్లు కూడా సంతకం పెట్టేముందు కాగితం తిప్పి చూడటం మంచిది.

పెద్ద డ్రైవరు ఇప్పుడు బండి తక్కువ నడుపుతున్నాడు. మోకాళ్లు కూడా సహకరించడం లేదు. పొద్దున్నే లోడు ఎక్కించే చోట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు, ఒళ్లో నోటుపుస్తకం, చెవి దగ్గర ఫోను. అవతల విజయవాడ సంస్థ కుర్రాడు ఎవరో కొత్తవాడు, చీరాల బజార్లో బండి ఇరుక్కుని ఉంటాడు.

"ముందు గేటు కాదబ్బాయ్. పక్కన గొందిలోంచి వెనక్కి రా. పచ్చ తలుపు కనపడుద్ది. తట్టు. ఆవిడకి కాస్త చెవుడు... గట్టిగా తట్టు."